మూసేసిన కార్డుకు బాకీ ఎక్కడిది?

భారతీయ రిజర్వ్ బ్యాంకు గవర్నర్ శ్రీ సంజయ్ మల్హోత్రా గారికి,



మేడ్చల్ పారిశ్రామికవాడలో ఒక ప్యాకింగ్ యూనిట్‌లో సూపర్‌వైజర్‌గా పనిచేస్తున్నాను. నా క్రెడిట్ కార్డు బ్యాంకు నుంచి పోయిన వారం ఒక మెయిల్ వచ్చింది. 'మీ బకాయిలో సగం మాఫీ చేస్తున్నాం, మిగతా సగం కట్టి ఖాతా సెటిల్ చేసుకోండి' అని దాని సారాంశం. అది చదివాకే మీకు రాయాలనిపించింది. ఇది ఒక్క బ్యాంకు చేసే పని కాదు కాబట్టి పేరు రాయడం లేదు.

ఏ బకాయి సార్? ఆ కార్డు మీద ఉన్నదంతా కట్టేశాను. మూసేయమని అడిగాను. 'మీ కార్డు ఖాతా మూసివేశాం' అని వాళ్లే మెసేజ్ పంపారు. బాకీ ఏమీ లేదన్న లెటర్ కూడా ఇచ్చారు. ఆ తర్వాత వచ్చిన స్టేట్‌మెంట్‌లో వార్షిక రుసుము వెయ్యి రూపాయలు, దాని మీద పద్దెనిమిది శాతం జీఎస్టీ, వెరసి 1,180 రూపాయలు ఉన్నాయి. లేని కార్డుకు ఈ ఏడాది రుసుము ఏమిటని అడిగితే 'సిస్టమ్‌లో వచ్చింది సార్' అన్నారు. మరుసటి నెల ఆలస్య రుసుము, దానికి జీఎస్టీ, రుసుము మీద వడ్డీ, వడ్డీకి మళ్లీ జీఎస్టీ. వాడుకున్నది పైసా లేకపోయినా బిల్లు నెలనెలా పెరుగుతూనే ఉంది.

2022 ఏప్రిల్ 21న మీ సంస్థే క్రెడిట్ కార్డుల మీద ఆదేశాలు జారీ చేసింది. బాకీ లేని ఖాతాను మూసేయమంటే ఏడు పనిదినాల్లో మూసేయాలని, జాప్యం చేస్తే మూసేదాకా రోజుకు 500 రూపాయల చొప్పున ఖాతాదారుకే చెల్లించాలని అందులో ఉంది. కట్టని రుసుములను, పన్నులను అసలులో కలిపి వడ్డీ వేయకూడదని కూడా ఉంది. చదివినప్పుడు సంతోషించాను. ఇంత స్పష్టంగా రాసి ఉంటే ఇక భయమెందుకు అనుకున్నాను.

ఇప్పుడు అడుగుతున్నాను. మా ఆలస్యానికి జరిమానా కంప్యూటరే వేస్తుంది, ఎవరూ అడగక్కర్లేదు. వాళ్ల ఆలస్యానికి రోజుకు 500 దానంతటది మా ఖాతాలో ఎందుకు పడదు? మూసివేత తేదీ వాళ్ల రికార్డులోనే ఉంది కదా? ఆ తేదీ దాటాక రుసుము వేయకుండా ఆ కంప్యూటర్‌ను ఆపలేరా? బ్యాంకులను తనిఖీ చేసే మీ అధికారులు మూసిన ఖాతాల్లో తర్వాత పడిన పద్దులను ఎప్పుడైనా తీసి చూస్తారా?

పోనీ సగం కట్టేసి పీడ వదిలించుకోమంటారు మా యూనిట్‌లో వాళ్లు. కడితే క్రెడిట్ రిపోర్టులో 'సెటిల్డ్' అని పడుతుంది. బాకీ పూర్తిగా తీర్చలేక రాజీపడ్డవాళ్లకు పడే ముద్ర అది. రేపు ఇంటి లోనుకు వెళితే ముందు దాన్నే చూస్తారు. తీసుకోని అప్పును ఒప్పుకొని నేనెందుకు సంతకం పెట్టాలి?

డబ్బు సంగతి కన్నా నన్ను కోసేసింది ఇంకొకటుంది. మా నాయన శామీర్‌పేటలో ఉంటాడు. కార్డు తీసుకునేటప్పుడు రెండో నంబరు కావాలంటే ఆయనది ఇచ్చాను. వసూలు ఏజెంటు ఆ నంబరుకు, అదీ రాత్రి అన్నం తినే వేళ ఫోన్ చేసి, 'మీ కొడుకు బ్యాంకు డబ్బులు ఎగ్గొట్టిండు' అన్నాడట. ఉదయం ఎనిమిదికి ముందు, సాయంత్రం ఏడు తర్వాత ఫోన్లు చేయొద్దని 2022 ఆగస్టులో మీరే చెప్పారు. మా నాయన ఏనాడూ ఎవరి దగ్గరా మాటపడ్డ మనిషి కాదు. ఆ రాత్రి నాకు ఫోన్ చేసి, 'ఎవ్వలకు బాకీ ఉన్నవ్ బిడ్డా, నాతోనన్న చెప్పకపోతివి' అన్నాడు. బాకీ లేదు నాయనా అంటే నమ్మాడో లేదో ఇప్పటికీ నాకు తెలియదు. దీనికి ఏ బ్యాంకు ఎంత మాఫీ చేస్తుంది?

బ్రాంచికి పోతే 'కార్డుల విభాగం వేరే' అంటారు. ఆ విభాగం ఎక్కడుందో వాళ్లకూ తెలియదు. అదే కార్డు అంటగట్టేటప్పుడు మాత్రం జీతాల రోజున మా గేటు ముందే టేబుల్ వేసుకుని కూర్చుంటారు. జీవితాంతం ఉచితమని నోటితో చెబుతారు, కాగితంలో 'మొదటి ఏడాది' అని ఉంటుంది.

ఫిర్యాదులు వినడానికి అంబుడ్స్‌మన్ ఉన్నాడంటారు. ముందు బ్యాంకుకు రాసి ముప్ఫై రోజులు ఆగాలి. ఆగినన్నాళ్లూ వడ్డీ ఆగుతుందా? ఏజెంట్ల ఫోన్లు ఆగుతాయా? వినియోగదారుల కమిషన్‌లో ఐదు లక్షల లోపు కేసులకు రుసుము లేదు, నిజమే. కానీ 1,180 రూపాయల కోసం దినం కూలి పోగొట్టుకుని వాయిదాలకు తిరగగలిగేవాళ్లు మా షెడ్డులో ఎందరున్నారు?

కార్డు బాకీ మీద ఏడాదికి ముప్ఫై శాతం మించి వడ్డీ గుంజకూడదని జాతీయ వినియోగదారుల కమిషన్ 2008లో చెప్పింది. 2024 డిసెంబర్ 20న సుప్రీంకోర్టు ఆ తీర్పును కొట్టేసింది. ఆ విషయం చూసుకోవాల్సింది రిజర్వ్ బ్యాంకు అంది. అంటే మాకు మిగిలింది మీరే. మీరు కాగితం మీద పెట్టిన నియమాన్ని బ్యాంకు పక్కన పెడితే, మేడ్చల్ నుంచి మేం ఇంకెవరి తలుపు తట్టాలి?

నా ఒక్కడి ఫీజు రద్దు చేయించమని ఈ ఉత్తరం రాయడం లేదు. మూసిన కార్డుల మీద ఏం జరుగుతోందో ఒకసారి మీరే తెప్పించుకుని చూడండి. ఆ సగం డబ్బు మాత్రం నేను కట్టను. మా నాయనకు ఫోన్ చేసినవాళ్లు మళ్లీ ఆయనకే ఫోన్ చేసి, మీ కొడుకు మాకేమీ బాకీ లేడని చెప్పాలి.

ఇట్లు,
మేడ్చల్ నుంచి ఒక ఖాతాదారు