ఉలికి ఒక పద్దు, తెరకు ఒక పద్దు

బొబ్బిలి పేరు వినగనే చరిత్ర పాఠము చెప్పు ఉపాధ్యాయునికి 1757 జనవరి 24 నాటి యుద్ధము స్ఫురించును. సంగీతజ్ఞునికి గొల్లపల్లి వీణ స్ఫురించును. పట్టణమునకు చేరువనున్న ఆ గ్రామమున సర్వసిద్ధి వంశీయులు తరతరములుగ పనస మ్రానును తొలిచి వీణలు చేయుచున్నారు. కుండయు దండియు వేరువేరుగ చేసి అతికించుట గాక, ఒకే దుంగనుండి మలచుట అక్కడి సంప్రదాయము. దానినే ఏకాండి వీణ యందురు. 24 మెట్లను మైనముమీద నిలిపి, స్వరమును చెవితో సరిచూచుకొనుట అందు కడు నేర్పుగల పని. పుస్తకము చదివినంత మాత్రమున అది రాదు. తండ్రి ప్రక్కన ఏండ్ల తరబడి కూర్చుండవలెను.

అట్టి యిండ్ల యువకులకు నేడు రెండు విద్యలు ఎదురుగ నున్నవి. ఒకటి తండ్రి చేతిలోని ఉలి. రెండవది తమ చేతిలోని ఫోను చూపించు దారి: ఛాయాగ్రహణము, వీడియో కూర్పు, గ్రాఫిక్స్, యానిమేషన్ మొదలగు డిజిటల్ మాధ్యమములు. రెండింటికిని ప్రభుత్వ సహాయము ఉన్నదనియే పత్రికలలో చదువుచున్నాము. ఆ సహాయము ఏ షరతులపై, ఏ రూపమున లభించునో పరిశీలించినచో కొన్ని విచిత్రములు కానవచ్చును.

మొదట కళల సంగతి. 1982 నుండి సాంస్కృతిక ప్రతిభాన్వేషణ పథకము పేరిట కేంద్ర ప్రభుత్వము 10 మొదలు 14 ఏండ్ల వయసు గల బాలబాలికలకు ఉపకార వేతనములు ఏర్పరచినది. సాంస్కృతిక వనరుల శిక్షణ కేంద్రము దీని నిర్వహణము చూచును. సంగీతము, నృత్యము, నాటకములతోపాటు చిత్రలేఖనము, శిల్పము, చేతిపనులు గూడ ఇందు చేరును. సంప్రదాయ కళలు వృత్తిగాగల కుటుంబముల పిల్లలకు కొన్ని వేతనములు విడిగ కేటాయింపబడినవి. ఏడాదికి 3,600 రూపాయలు వేతనము; గురుదక్షిణకై 9,000 రూపాయల వరకు అదనము. నెలకు 300, అనగా దినమునకు పది రూపాయలు! బాలునికి ఇది ప్రోత్సాహము కావచ్చును గాని పోషణము కానేరదు.

పెద్దవారికి వేరొక పథకమున్నది. 18 మొదలు 25 ఏండ్ల లోపు యువ కళాకారులకు, దేశము మొత్తముమీద 400 మందికి, నెలకు 5,000 రూపాయల చొప్పున రెండేండ్లు ఇత్తురు. భోజన వసతులు, ప్రయాణములు, పుస్తకములు, పరికరములు, శిక్షణ రుసుము అన్నియు అందులోనే. అభ్యర్థి గురువు వద్దగాని, విద్యాలయమునగాని అంతకుముందే అయిదేండ్లు శిక్షణ పొందియుండవలెను. శాస్త్రీయ సంగీతమునకు ఈ నియమము సహజమే. గొల్లపల్లి యువకుని మాట యేమి? వీణ వాయించువానికి సంగీతమను పద్దు సిద్ధముగ నున్నది. ఆ వీణను చేయువాని విద్య పథకములో పేరుపెట్టి చెప్పబడలేదు. ఆ పనివానిని జానపద సంప్రదాయ కళలలో ఇముడ్చుటయా, మానుటయా యనునది ఎంపిక సంఘము వారి యుదారతపై ఆధారపడియుండును.

2023 సెప్టెంబరు 17న ఆరంభమైన ప్రధానమంత్రి విశ్వకర్మ పథకమునను ఇదే ఇరకాటము. అందు పదునెనిమిది వృత్తులు గలవు. వడ్రంగి యున్నాడు, శిల్పి యున్నాడు, బొమ్మలు చేయువాడు, పూలమాలలు కట్టువాడు గూడ ఉన్నారు. వాద్యములు చేయువాడు లేడు. భౌగోళిక గుర్తింపు పొందిన వీణను మలచు చేయి ఆ పట్టికలో ప్రవేశించుటకు వడ్రంగియని వ్రాయించుకొనవలసినదే. అయినను ఆ పథకములో ఒక మంచి యూహ యున్నది. శిక్షణ దినములకు రోజుకు 500 రూపాయల భత్యమును, పనిముట్లు కొనుటకు 15,000 రూపాయలును విడివిడిగ ఇచ్చుచున్నారు. నేర్చుకొనువాడు ఆ దినమున కూలి పోగొట్టుకొనును, పనిముట్టు లేనిదే నేర్చినది నిలువదు అను రెండు సత్యములును ఇందు గుర్తింపబడినవి. విద్యార్థి వేతనముల నియమావళులలో ఇట్టి గుర్తింపు అరుదు.

ఈ విషయమున ఉత్తరాంధ్రకు పాత అనుభవము లేకపోలేదు. బొబ్బిలికి పెద్ద దూరము లేని విజయనగరములో 1919లో సంగీత కళాశాల స్థాపింపబడినది. అంధుడైన ఒక బాలునికి సంగీత విద్య కల్పింపవలెనను తలపు దాని పుట్టుకకు కారణమని ప్రసిద్ధి. ఆదిభట్ల నారాయణదాసుగారు తొలి అధ్యక్షులు. ద్వారం వెంకటస్వామి నాయుడుగారు అక్కడనే వాయులీనము నేర్పిరి. గురువుల కేమియు కొరతలేదు. అయినను కృష్ణా మండలమునుండి వచ్చిన ఘంటసాల వెంకటేశ్వరరావు ఆ పట్టణములో మధుకరము చేసి పొట్ట నింపుకొనవలసి వచ్చినది. పట్రాయని సీతారామశాస్త్రిగారు ఆయనకు పాఠము ఉచితముగనే చెప్పిరి. పాఠమునకు ఖర్చు లేదు. రెండు పూటల అన్నమునకే ఖర్చు. ఘంటసాల జీవితమును విద్యార్థులకు పట్టుదలకు దృష్టాంతముగ చెప్పుట మనకు అలవాటు. మధుకరపు జోలె పట్టలేక మధ్యలోనే యింటికి తిరిగిపోయినవారి పేర్లు ఏ పాఠ్యపుస్తకములోను ఉండవు గదా!

రాజమహేంద్రవరమున ఆర్ట్స్ కళాశాల అధ్యక్షుడైన ఆస్వాల్డ్ కూల్డ్రే, దామెర్ల రామారావు చేతిలోని రేఖను గుర్తించి, బొంబాయి జె.జె. చిత్రకళాశాలకు పోవుటకు తోడ్పడెను. రామారావు 1925లో, మీసకట్టు వయసు దాటకమునుపే యన్నట్లు, 27 ఏండ్లకే గతించినను ఆంధ్ర చిత్రకళకు ఒక త్రోవ వేసి పోయెను. ఆ సహాయము వెనుక దరఖాస్తు ఫారము లేదు. గుర్తించిన ఉపాధ్యాయుడొకడు ఉండెను.

ఇక డిజిటల్ మాధ్యమముల సంగతి. 2022 కేంద్ర బడ్జెట్టులో యానిమేషన్, విజువల్ ఎఫెక్ట్స్, గేమింగ్, కామిక్స్ రంగముల అభివృద్ధికై ఒక కార్యదళమును ఏర్పరతుమని ప్రకటించిరి. 2024 సెప్టెంబరులో ఆ విద్యలకు జాతీయ కేంద్రమును బొంబాయిలో స్థాపించుటకు కేంద్ర మంత్రివర్గము ఆమోదించెను. మన రాష్ట్రమున 2022 డిసెంబరులో ప్రభుత్వ పాఠశాలల ఎనిమిదవ తరగతి విద్యార్థులకు టాబులు పంచిపెట్టబడినవి. ఆ పరికరము పాఠములు చూచుటకు ఉద్దేశింపబడినది గాని బొమ్మలు కదిలించుటకు గాదు. చూచు తెరకును చేయు తెరకును మధ్య, వీణ కచేరి వినుటకును వీణ తొలుచుటకును ఉన్నంత దూరమున్నది.

డిజిటల్ విద్య చౌకయని తలచువారికి ఒక ఆధారమున్న మాట నిజమే. త్రిమాణ చిత్రములు కల్పించు బ్లెండర్, బొమ్మలు వేయు క్రిటా, వీడియో కూర్చు కెడెన్‌లైవ్ మొదలగు సాఫ్ట్‌వేరులు ఉచితముగ దొరకును. బ్లెండర్ 2002 నుండి ఎవరైనను వాడుకొనదగిన స్వేచ్ఛా సాఫ్ట్‌వేరు. పాఠములును ఇంటర్నెట్టులో ఉచితమే. ఇది సీతారామశాస్త్రిగారి పాఠము వంటిది: విద్య ఉచితము, తక్కినదే భారము. బ్లెండరు నడువవలెనన్న శక్తిగల కంప్యూటరు కావలెను. యువ కళాకారుల పథకమున రెండేండ్లకు వచ్చు మొత్తము 1,20,000. అట్టి యంత్రమును కొన్న పిమ్మట అందు ఎన్ని నెలల తిండికి మిగులునో లెక్క కట్టుకొనవచ్చును. ఆ 5,000 రూపాయలైనను నెలనెలా చేతికి రావు. ఆరు నెలలకొక వాయిదాగ వచ్చును. తొలి వాయిదా వచ్చువరకు అప్పు ఇచ్చువాడు ఉన్నవాడే ఆ వేతనమును అనుభవింపగలడు.

అన్నింటికంటె చింతింపవలసినది ఈ రెండు విద్యల నడుమ కట్టిన గోడ. ఏకాండి వీణ తయారగు విధమును మొదటినుండి చివరివరకు చిత్రీకరించి, ప్రతి ఉలి దెబ్బకు కారణము చెప్పించి భద్రపరచినచో అది ముందు తరముల వారికి పాఠ్యగ్రంథము కాగలదు. ఆ పనికి గొల్లపల్లి యువకుని కంటె తగినవాడెవడు? కాని అతడు చేతిపని విద్యార్థి యగునా, మాధ్యమ విద్యార్థి యగునా? ఏ కార్యాలయమునకు పోయినను అవతలి గదికి పొమ్మందురు. తప్పెటగుళ్లు, జముకుల కథ మున్నగు ఈ ప్రాంతపు కళలకును ఇదే గతి. పైగా వాటిని ఫోనులతో చిత్రించి లోకమునకు చూపువారు పెక్కుమంది యున్నారు. చూచినవారి సంఖ్యనుబట్టి వచ్చు ఆదాయములో గజ్జె కట్టిన వానికి భాగము ఎంత యను ప్రశ్నను లేవనెత్తువారు తక్కువ. మాధ్యమ విద్యార్థికి ధనసహాయము చేయునపుడు, కళాకారుని సమ్మతిని వ్రాతపూర్వకముగ పొందుటయు, ఆదాయములో వాటా నిర్ణయించుటయు షరతుగ పెట్టినచో ప్రభుత్వమునకు అదనపు ఖర్చు లేదు.

ఉపాధ్యాయులకు సంబంధించిన చిన్న విషయమొకటి. ప్రతిభాన్వేషణ వేతనమునకు వయోపరిమితి 14 ఏండ్లు. తొమ్మిదవ తరగతిలోనో పదవ తరగతిలోనో బాలుని నేర్పు బయటపడునప్పటికి గడువు దాటిపోవును. ఒకసారి ఎంపికయైన బాలునికి మాత్రము, ప్రగతి సంతృప్తికరమైనచో, ఇరువది ఏండ్ల వరకు లేక తొలి పట్టము చేతికి వచ్చువరకు వేతనము కొనసాగును. అందుచేత గుర్తింపవలసినది ఆరవ తరగతిలో, నోటుపుస్తకపు అంచులపై బొమ్మలు గీసి చీవాట్లు తినుచున్న దినములలోనే.