దారి పక్క మజిలీ



వేసవి సెలవులు రాగానే మన పల్లెల్లో నాలుగైదు కుటుంబాలు కలిసి ఒక వ్యాను మాట్లాడుకొని బయలుదేరడం పరిపాటి. పెళ్ళికో, కూటములకో, వేలూరు ఆసుపత్రికో దూరప్రయాణం చేసినప్పుడు రాత్రి మజిలీ తప్పదు. లాడ్జీ గదులకు డబ్బు చాలదు. రోడ్డు పక్కన చదునైన నేల, ఒక చింతచెట్టు, దగ్గర్లో కొళాయి కనబడితే చాలు, చాపలు దిగుతాయి, మూడు రాళ్ళ పొయ్యి వెలుగుతుంది. అందరూ కలిసి తినే ఆ సంగటి రుచి ఇంట్లో రాదు. దీనిని మేము తప్పుపట్టము.

బాటసారికి నీడనివ్వడం మన దేశపు పాత ధర్మమే. బాటల వెంట బావులు త్రవ్వించి, చెట్లు నాటించినట్లు కర్నూలు జిల్లా ఎర్రగుడి బండలమీద అశోకుని శాసనం నేటికీ చెబుతున్నది. తరువాతి కాలంలో సత్రాలు వెలిశాయి. మంచి సమరయుడు కూడ గాయపడినవానిని దారి పక్కన వదలక, పూటకూళ్ళ యింటికి చేర్చెను గదా!

అయితే ఆనాటి బాటపై ఎద్దుబండ్లు నడిచేవి. నేడు రామకుప్పం నుండి వి.కోట చేరామంటే బెంగళూరు, కోలారు, వేలూరులను కలిపే 75వ జాతీయ రహదారి. రాత్రంతా లారీలే. రోడ్డు అంచున గీసిన తెల్లగీత గోడ కాదు. నిద్రమత్తులో ఉన్న ఒక్క డ్రైవరు దానిని దాటితే చాలు. ఆగడానికి అన్నిటికంటే సులువైన చోటే ప్రమాదానికి అన్నిటికంటే దగ్గర.

ఇంకొక మాట. మజిలీ ముఖ్యంగా ఎవరి కోసం? మన వ్యాను డ్రైవరు కోసం. మనం ఉదయం బండిలో కునుకు తీయవచ్చు, అతడు తీయరాదు. హారన్ల మోతలో రాత్రంతా దొర్లిన మనిషి చేతిలో మన బిడ్డల ప్రాణాలున్నవి. కనుక నిశ్శబ్దమైన మూల, మంచి చాప మొదట అతనికివ్వండి.

మన ప్రాంతంలో ఏనుగుల సంగతి కూడ మరువరాదు. కౌండిన్య అభయారణ్యం మన పక్కనే ఉన్నది. 2023 జూన్‌లో పలమనేరు దగ్గర హైవే దాటుతున్న మూడు ఏనుగులు వాహనం తగిలి చనిపోయాయి. అడవి అంచున రాత్రి బస వద్దు.

కొన్ని జాగ్రత్తలు:

1. ఎక్కడ ఆగాలో ఇంటివద్దనే నిర్ణయించి, పొద్దుండగానే చేరండి.

2. లారీలు నిలిపే ప్రత్యేక స్థలమో, పెద్ద హోటలు ఆవరణమో, పెట్రోలు బంకో చూచి, అడిగి ఆగండి. బంకులో పొయ్యి వెలిగించరాదు.

3. వ్యాను చెడి రోడ్డుపై ఆగితే ఎర్ర త్రికోణం దూరంగా పెట్టి, అందరూ దిగి రోడ్డుకు ఎడంగా నిలవండి.

4. ఇంజను నడుపుతూ, అద్దాలు మూసి లోపల నిద్రించవద్దు. వాసన లేని విషవాయువు చేరి ప్రాణం తీయగలదు.

5. జాతీయ రహదారిపై సహాయానికి 1033, అంబులెన్సుకు 108 పిలవండి. గాయపడినవారిని ఆసుపత్రికి చేర్చినవారికి 2019 చట్ట సవరణ రక్షణ కల్పించింది, భయపడనక్కరలేదు.

బయలుదేరే ముందు నిప్పు మీద నీళ్ళు పోసి, ఆకులు, కాగితాలు ఏరివేయండి. రేపు రాత్రి ఆ చెట్టు క్రింద మరొక కుటుంబం చాప పరచుకుంటుంది.