జీతం ఆగినా ఆగని డేకేర్ ఫీజు

టెక్సస్‌లోని ప్లేనోలో భార్యాభర్తలిద్దరూ ఉద్యోగం చేసే ఇంట్లో అద్దె లేదా ఇంటి వాయిదా తర్వాత సాధారణంగా పెద్ద ఖర్చు పిల్లల డేకేర్‌దే. లెగసీ ప్రాంతంలోని టయోటా, జేపీ మోర్గాన్ చేజ్, క్యాపిటల్ వన్ వంటి కార్పొరేట్ క్యాంపస్‌ల చుట్టూ పెరిగిన ఈ ఊళ్లో తెలుగు కుటుంబాలు ఎక్కువ. ఇద్దరిలో ఒకరి ఉద్యోగం పోతే చాలాచోట్ల మొదట వచ్చే ఆలోచన పిల్లను డేకేర్ మాన్పించడం. ఇంట్లో ఒకరు ఖాళీగానే ఉన్నారు కదా అన్నది దాని వెనక లెక్క. ఆ లెక్కలో కొన్ని పద్దులు తప్పిపోతాయి.

డేకేర్ ఫీజు ఎందుకు తగ్గదో ముందు చూడాలి. టెక్సస్ లైసెన్సు నిబంధనల ప్రకారం ఏడాది నిండని పసివాళ్లయితే నలుగురికి ఒక ఆయా ఉండాలి. రెండేళ్ల పిల్లలైతే 11 మందికి, నాలుగేళ్ల వాళ్లయితే 18 మందికి ఒకరు చాలు. పసిపిల్లల గదిలో ఒక మనిషి జీతాన్ని నలుగురి తల్లిదండ్రులే మోయాలి కాబట్టి అక్కడ ఫీజు ఎక్కువ, సీట్లు తక్కువ. పిల్ల రెండు రోజులు రాకపోయినా ఆయా జీతం ఆగదు. అందుకే మూడు రోజులే పంపినా ఫీజు అదే పాళ్లలో తగ్గదు. మానేయాలన్నా ముందుగా నోటీసు ఇవ్వాలి. వదిలేసిన సీటు వెయిటింగ్ లిస్టులో ఉన్న మరొకరికి పోతుంది.

హెచ్-1బీ వీసా కుటుంబాలకు చిక్కు ఇక్కడే. ఉద్యోగం పోయాక వారికి గరిష్ఠంగా 60 రోజుల గడువుంటుంది. దేశంలో ఉండే అనుమతి పత్రం ఐ-94 అంతకన్నా ముందే ముగిస్తే గడువు అప్పుడే తీరుతుంది. ఆ రోజులను లెక్కించేది ఉద్యోగంలో చివరి రోజు నుంచే గానీ సెవరెన్స్ సొమ్ము అయిపోయిన నాటి నుంచి కాదు. ఈలోగా కొత్త కంపెనీ పిటిషన్ వేయాలి, లేదా స్టేటస్ మార్చుకోవాలి, లేదా దేశం విడవాలి. పక్క గదిలో రెండేళ్ల పిల్ల ఏడుస్తుంటే మూడు గంటల టెక్నికల్ ఇంటర్వ్యూ సాగదు. ఎనిమిదో వారంలో ఆఫర్ వచ్చి, సోమవారం చేరమంటే, అప్పటికి సీటు ఉండదు. కాబట్టి ఆ రెండు నెలల ఫీజును ఉద్యోగ వేట ఖర్చులో భాగంగా చూడడమే సబబు.

ఖర్చు తగ్గించే దారులూ లేకపోలేదు. మొదటిది డేకేర్ డైరెక్టరుతో మాట్లాడి రోజులు తగ్గించుకోవడం, లేదా కొంత రుసుము కట్టి సీటు నిలుపుకోవడం. రెండోది ఇంటి దగ్గర నడిచే చిన్న డేకేర్. తెలుగు ఇళ్లలో నడిచే ఇలాంటి చోట్ల పప్పన్నం, అమ్మభాష రెండూ దొరుకుతాయి. అయితే రోజుకు కనీసం నాలుగు గంటల చొప్పున, వారానికి మూడు రోజులకు తక్కువ కాకుండా, వారాల తరబడి డబ్బు తీసుకుని పరాయి పిల్లలను చూసేవారు రాష్ట్రం దగ్గర నమోదు కావాలి. పనిచేసే అనుమతి లేని హెచ్-4 వీసా గృహిణి డబ్బు తీసుకుని ఈ పని చేయకూడదు. మూడోది అమ్మమ్మో నాయనమ్మో రావడం. విజిటర్ వీసా మీద సాధారణంగా ఆరు నెలలుంటారు. విమాన టికెట్టు, ఆరోగ్య బీమా కలిపితే ఈ దారీ ఉచితమేమీ కాదు.

ప్రభుత్వ సాయం పరిమితం. టెక్సస్ వర్క్‌ఫోర్స్ కమిషన్ ఇచ్చే నిరుద్యోగ భృతి గరిష్ఠంగా 26 వారాలు. పని చేసే అనుమతి ఉండాలన్న షరతు వల్ల హెచ్-1బీ వారికి అది సాధారణంగా దక్కదు. డేకేర్ సబ్సిడీ కావాలంటే కుటుంబ ఆదాయం రాష్ట్ర మధ్యస్థ ఆదాయంలో 85 శాతం దాటకూడదు. పైగా వెయిటింగ్ లిస్టు. చాలామందికి తెలియని దారి ప్రభుత్వ బడిలోని ప్రీ-కె తరగతి. సెప్టెంబరు 1 నాటికి నాలుగేళ్లు నిండి, ఇంగ్లీషు మాట్లాడడం, అర్థం చేసుకోవడం రాని పిల్లకు తల్లిదండ్రుల ఆదాయంతో పని లేకుండా అర్హత ఉంది. 2019 నాటి చట్టంతో అది పూర్తి రోజు చదువైంది. నాయనమ్మ దగ్గర తెలుగే నేర్చిన పిల్లకు ఆ తెలుగే ఫీజు లేని సీటు తెచ్చిపెట్టవచ్చు. బడి వేళలు డేకేర్ కన్నా తక్కువ, వేసవి సెలవులూ ఉంటాయి. అయినా నెలనెలా ఫీజు తప్పుతుంది.

పన్నుల వైపు రెండు వెసులుబాట్లున్నాయి. డిపెండెంట్ కేర్ ఖాతాలో పన్ను లేకుండా దాచుకునే పరిమితి 2026 నుంచి 5,000 డాలర్ల స్థానంలో 7,500 అయింది. ఒకరి ఉద్యోగం పోయాక, ఉద్యోగంలో ఉన్న రెండో వారి కంపెనీలో ఈ ఎంపిక మార్చుకునే వ్యవధి సాధారణంగా 30 రోజులే. ఆ ఖాతాలో చూపని ఖర్చుకు పన్ను క్రెడిట్ ఉంది. ఒక పిల్లకు 3,000, ఇద్దరు లేదా అంతకు మించి ఉంటే 6,000 డాలర్ల ఖర్చు వరకు, ఖాతాలో దాచిన సొమ్మును అందులోంచి తగ్గించి, లెక్కలోకి తీసుకుంటారు. ఉద్యోగం వెతుక్కుంటున్న నెలల్లో కట్టిన ఫీజు కూడా ఇందులో చెల్లుతుంది. ఆ ఏడాదిలో ఇద్దరికీ ఎంతో కొంత సంపాదన ఉండడమే షరతు.

అసలు లోపం కుటుంబాల లెక్కల్లో లేదు. అమెరికాలో పిల్లల సంరక్షణ తల్లిదండ్రుల జీతానికి వేలాడే ఏర్పాటు. దేశమంతటా డేకేర్లు నెలకొల్పే బిల్లును కాంగ్రెస్ ఆమోదించినా 1971లో అధ్యక్షుడు నిక్సన్ వీటో చేశారు. టెక్సస్ పొరుగునే ఉన్న న్యూమెక్సికో 2025 నవంబరు నుంచి ఆదాయ పరిమితి లేకుండా ఉచిత సంరక్షణ మొదలుపెట్టింది. టెక్సస్ అంత దూరం వెళ్లకపోయినా ఇక్కడ చేయగలిగింది ఉంది. సబ్సిడీ అందుకునే కుటుంబానికి ఉద్యోగం పోతే, వెతుక్కోవడానికి కనీసం మూడు నెలలు సాయం కొనసాగించాలని ఫెడరల్ నియమం చెబుతోంది. ఉద్యోగం వెతకడమూ పనే అని ఆ నియమమూ, పన్ను చట్టమూ ఒప్పుకున్నాయి. లేఆఫ్ ప్యాకేజీ రాసే కంపెనీలు, సీటు కేటాయించే డేకేర్లు కూడా ఆ మూడు నెలల సూత్రాన్నే పాటిస్తే సబ్సిడీ పరిధిలోకి రాని కుటుంబాలకూ ఊపిరి అందుతుంది.