దిగొద్దు అని చెప్పేవాడినే నమ్మండి

పోయిన వారం మా అక్క కొడుకు ఫోను తెచ్చి నా ముందర పెట్టినాడు. "మామా, మేము ఐదుగురం అండమాన్ పోతా ఉండాము. స్కూబా డైవింగ్ అంట, సముద్రంలో దిగి చేపల్ని చూడొచ్చు. ఈ నాలుగింటిలో ఏది బాగుందో చూసి చెప్పు" అన్నాడు. చూస్తే నాలుగు కంపెనీల ప్రకటనలు. ఒకడు నాలుగున్నర వేలు అంటాడు, ఒకడు మూడున్నర, ఇంకొకడు రెండున్నర వేలకే వీడియో కూడా ఫ్రీ అంటాడు. అందరి బొమ్మల్లోనూ ఒకటే నీలం నీళ్ళు, ఒకటే పసుపు చేపలు. కింద రాసిందీ ఒకటే: ఈత రాకపోయినా పర్వాలేదు, నూటికి నూరు పాళ్ళు సేఫ్.

వాడికి చెప్పిన మాటలే ఇక్కడ రాస్తా ఉండాను. శ్రీసిటీలో, చెన్నైలో, బెంగళూరులో పనిచేసే మన పల్లె పిలకాయలు ఏడాదంతా నాలుగు దుడ్లు దాచి ఇట్లా పోతా ఉండారు. పోవాల్సిందే. సముద్రం అడుగు చూసే హక్కు డబ్బున్నోళ్ళకే ఎవరూ రాసియ్యలేదు. అయితే మన ప్రాణం ఎవరి చేతిలో పెట్టి దిగతా ఉండామో చూసుకోవాల.

మాది కాణిపాకం. మా దేవుడే బావిలో వెలసినాడు. బావుల సంగతి మాకు ఒకరు చెప్పాల్సిన పని లేదు. పాత బావిలో పూడిక తీయాలంటే మా పెద్దోళ్ళు మొదట మనిషిని దించేవాళ్ళు కాదు. తాడుకి లాంతరు కట్టి దించేవాళ్ళు. దీపం ఆరిపోయిందా, ఆ పొద్దు ఎవరూ దిగేది లేదు. కూలి పోయినా సరే, రైతు గొణిగినా సరే. అన్ని విషగాలులనీ దీపం పట్టుకోలేదు, అది వేరే సంగతి. కానీ "ఈ పొద్దు వద్దు" అని చెప్పే ఏర్పాటు ఒకటి ఉండింది. డైవింగ్ కంపెనీలో నేను వెతికేది కూడా దాన్నే.

ఆ మాట చెప్పేవాడు లేకపోతే ఏమవుతాదో మనం మూడు సార్లు చూసినాము. 2014 జనవరి 26న పోర్ట్ బ్లెయిర్ దగ్గర విహారానికి పోయిన పడవ మునిగి 20 మందికి పైగా చచ్చిపోయినారు. అందులో ఎక్కువ మంది మన పక్కనుండే కాంచీపురం వాళ్ళు. పాతిక మందిని ఎక్కించాల్సిన పడవలో నలభై మందికి పైగా ఎక్కించినారు. 2017 నవంబర్ 12న విజయవాడ దగ్గర పవిత్ర సంగమం కాడ కృష్ణలో పడవ బోల్తా పడింది. ఒంగోలు నుంచి పోయినోళ్ళే ఎక్కువ మంది. అదీ 20కి పైగా ప్రాణాలు. ఆ పడవకి అనుమతే లేదు. 2019 సెప్టెంబర్ 15న గోదావరిలో కచ్చులూరు కాడ పాపికొండలు చూసేదానికి పోయిన పడవలో 77 మంది ఉంటే, 26 మందే బయటపడినారు. ఆ పడవలో మన తిరుపతోళ్ళూ ఉండినారు. గోదావరి అప్పుడు వరద మీద ఉండాది.

మూడింట్లోనూ నీళ్ళ తప్పు ఏమీ లేదు. "ఇంక ఎక్కించొద్దు", "ఈ పడవ తీయొద్దు", "వరద తగ్గిందాకా ఆగు" అని ఒక్కరు చెప్పి ఉంటే చాలు. చెప్పాల్సినోడికి టికెట్ డబ్బులు కావాల. చెప్పించాల్సిన అధికారికి పట్టలేదు. ఎక్కినోళ్ళకి అడగాలని తెలీదు. మొదటి రెండింటినీ మార్చేదానికి పోరాటం చేయాల. మూడోది మాత్రం ఈ పొద్దే మన చేతిలో ఉంది.

ఇంక స్కూబా సంగతి. నీళ్ళల్లో ప్రతి 10 మీటర్లకీ మన మీద ఒక వాతావరణం ఒత్తిడి పెరగతాది. 10 మీటర్ల కింద నిండుగా పీల్చిన గాలిని బిగబట్టుకొని పైకి వచ్చినామంటే, అది రెండింతలు ఉబ్బతాది. ఊపిరితిత్తి చిరిగిపోవచ్చు. అందుకే డైవింగ్‌లో మొదటి పాఠం: ఎప్పుడూ ఊపిరి బిగబట్టొద్దు. మన పిలకాయలకి అసలు ప్రమాదం ఇక్కడే ఉంది. బావిలో మునిగేటప్పుడు ఊపిరి బిగబట్టినోడే మనకు మొనగాడు. చిన్నప్పటి నుంచి ఒంటికి పట్టిన అలవాటు అది. "నాకు ఈత వచ్చులే" అనుకొనేవాడికే ఈ పాఠం ఎక్కువ అవసరం.

ఇంకొకటి. వీపున కట్టే సిలిండర్‌లో ఉండేది ఆక్సిజన్ కాదు, మామూలు గాలే. వడగట్టి, కంప్రెసర్‌తో ఒత్తి నింపతారు. ఆ కంప్రెసర్ పక్కనే ఇంజన్ పొగ వస్తా ఉంటే, కార్బన్ మోనాక్సైడ్ కూడా సిలిండర్‌లోకి పోతాది. దానికి వాసన ఉండదు, రంగు ఉండదు. అందుకని "గాలి యాడ నింపతారు, ఫిల్టర్ ఎప్పుడు మార్చినారు?" అని అడిగితే అది పిచ్చి ప్రశ్న కాదు. పంచర్ అంగడిలో ట్యూబుకి గాలి పట్టేదానికీ మన ఊపిరికి గాలి పట్టేదానికీ తేడా ఉండాల కదా.

అందుకే డబ్బులు కట్టకముందే ఫోను చేసి అడగండి. మొట్టమొదట, నన్ను దించేది ఎవరు? పాడి, ఎస్‌ఎస్‌ఐ లాంటి అంతర్జాతీయ సంస్థలు ఇన్‌స్ట్రక్టర్లకు నంబరు ఇస్తాయి. పాడి వాళ్ళ వెబ్‌సైటులో ఆ నంబరు కొట్టి, ఆ మనిషి నిజంగా ఇన్‌స్ట్రక్టరా కాదా చూసుకోవచ్చు. గోడకి తగిలించిన సర్టిఫికెట్ యజమానిది అయ్యుంటాది. మనతో దిగేవాడిది కావాల.

రెండోది, ఒక ఇన్‌స్ట్రక్టర్‌కి ఎంతమందిని అప్పగిస్తారు, ఎంత లోతు? పాడి నిబంధనల ప్రకారం కోర్సు చేయకుండా మొదటిసారి దిగే మనలాంటోళ్ళను 12 మీటర్లు దాటించకూడదు. అంటే సుమారు 40 అడుగులు, మన పాత మోట బావి లోతు. ఒక ఇన్‌స్ట్రక్టర్ చేతి కింద నలుగురికి మించకూడదు. పదేళ్ళలోపు పిల్లల్ని దించకూడదు. నీళ్ళంటే భయం ఉండేవాళ్ళు ఒకరికి ఒకరు ఉండే చోటే చూసుకోండి.

మూడోది, దిగేముందు మోకాటి లోతు నీళ్ళల్లో ఎంతసేపు నేర్పిస్తారు? ముక్కు మూసుకొని ఊది చెవుల్లో ఒత్తిడి తీసుకునేది, అద్దంలోకి నీళ్ళు వస్తే పోగొట్టేది, సైగలు, ఇవన్నీ ఒంటికి ఎక్కాల. ఒక్క సైగ చెప్తాను. మనం ఫొటోకి బొటనవేలు పైకెత్తి "సూపర్" అంటాము. నీళ్ళ కింద ఆ సైగకి అర్థం "నన్ను పైకి తీసుకుపో" అని. బాగుండానని చెప్పాలంటే బొటనవేలు, చూపుడువేలు కలిపి సున్నా చుట్టాల. ఇది కూడా నేర్పకుండా దించేవాడు ఇంకేం నేర్పతాడు?

నాలుగోది, పడవలో ఆక్సిజన్ ఉందా? ప్రమాదం జరిగితే ఏ ఆసుపత్రికి పోవాల, ఎన్ని గంటలు పడతాది? ఒత్తిడి తేడాతో ఒంట్లో బుడగలు కడితే మామూలు ఆసుపత్రి చాలదు, దానికి ప్రత్యేకమైన ఛాంబర్ కావాల. అది యాడ ఉందో తెలీని కంపెనీ, ప్రమాదం జరగదనే నమ్మకం మీద నడస్తా ఉందని అర్థం.

ఆఖరిది, అన్నిటికంటే ముఖ్యమైనది: మీరు ఎప్పుడు వద్దంటారు? గాలి జాస్తిగా ఉంటే డబ్బు వాపసు ఇస్తారా? ఎవరికైనా ఆరోగ్యం బాగలేకపోతే ఏం చేస్తారు?

ఈ ప్రశ్న నేను పుస్తకంలో చదివి చెప్పడం లేదు. కొన్నేళ్ళ కింద ఒక మీటింగుకి పోయి, పనయినాక మిత్రులతో కలిసి నేనూ ఒకసారి దిగినాను. నాకు ఆ పొద్దు జలుబు. ఫారంలో జబ్బుల పట్టీ ఇచ్చినారు. ఉబ్బసం, మూర్ఛ, గుండె జబ్బు, చెవి ఆపరేషను, అన్నీ ఉండాయి. జలుబుందన్నా అని చెప్తే, "అన్నిటికీ లేదు అని టిక్కు పెట్టన్నా, ఏం కాదు" అన్నాడు ఆ పిల్లోడు. పెట్టినాను. ఐదు మీటర్లు దిగేలోపల చెవిలో మేకు దిగినట్టు అయింది. నెల రోజులు ఆ చెవి సరిగా వినపడలేదు. తప్పు ఆ పిల్లోడిది అని అప్పుడు తిట్టుకున్నాను. తర్వాత అనిపించింది, రోజుకి ఇంతమందిని దించితేనే జీతం అంటే వాడు మాత్రం ఎవరిని వద్దంటాడు? వాడూ మన మాదిరే యాడో పల్లె నుంచి వచ్చినోడే. కాబట్టి కంపెనీని ఎంచుకొనేటప్పుడు, వద్దని చెప్పినోడి కూలి కోసే చోటా కాదా అని కూడా చూడాల.

మన పక్కోళ్ళకి ప్రత్యేకంగా ఒక హెచ్చరిక. డైవింగ్ చేసినాక వెంటనే విమానం ఎక్కకూడదు. ఒక్కసారి దిగితే కనీసం 12 గంటలు, ఎక్కువసార్లు దిగితే 18 గంటలు ఆగమని డైవింగ్ వైద్యం తెలిసినోళ్ళు చెప్తారు. ఇది చానామందికి తెలుసు. తెలీనిది ఏమిటంటే, కొండ ఎక్కినా అంతే. మనకు దగ్గరగా పుదుచ్చేరిలో కూడా డైవింగ్ ఉంది. పొద్దున ఆడ దిగి, అట్లే వస్తా వస్తా రాత్రికి తిరుమల కొండెక్కి దర్శనం చేసుకుందాం అనుకొనేవాళ్ళు ఉంటారు. తిరుమల సుమారు 3 వేల అడుగుల ఎత్తు. బెంగళూరు కూడా ఇంచుమించు అంతే. ఒంట్లో కరిగిన నైట్రోజన్, ఎత్తుకి పోయేకొద్దీ గోలీ సోడా మూత తీసినట్టు బుడగలు కట్టే ప్రమాదం ఉంది. స్వామి యాడికీ పోడు. ఒక రాత్రి ఆగి ఎక్కండి.

ఇంక కాగితాల సంగతి. "ఏం జరిగినా నాదే బాధ్యత" అని సంతకం పెట్టించుకుంటారు. ఆ సంతకంతోనే కంపెనీ నిర్లక్ష్యం మాసిపోదు. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం, ఫిర్యాదు చేసేదానికి అండమాన్ దాకా పోనక్కరలేదు. మనం కాపురం ఉండే జిల్లాలోనే కమిషన్ ముందర వేయొచ్చు. అయితే సాక్ష్యం కావాల. అందుకే ఏజెంటు చేతిలో నోట్లు పెట్టొద్దు. కంపెనీ పేరు మీద ఫోన్‌పే చేయండి, బిల్లు అడగండి, మాట్లాడిన మెసేజీలు దాచిపెట్టండి.

ఇన్ని చెప్పినాక ఒక మాట నిజాయితీగా ఒప్పుకోవాల. కాణిపాకంలో కూర్చోని అండమాన్‌లో ఉండే కంప్రెసర్‌ని మనం చూడలేము. అది చూడాల్సింది ప్రభుత్వం. కేంద్ర టూరిజం శాఖ 2018లో సాహస పర్యాటకానికి మార్గదర్శకాలు తెచ్చింది, స్కూబా కూడా అందులో ఉంది. మార్గదర్శకం అంటే పాటిస్తే మేలు అని చెప్పేది. పాటించకపోతే ఏమవుతాదో గట్టిగా చెప్పే చట్టం కావాల. మన రాష్ట్రంలోనూ రుషికొండ దగ్గర డైవింగ్ జరగతా ఉంది. వెయ్యి కిలోమీటర్ల దగ్గర తీరం ఉన్న రాష్ట్రం ఇది, రేపు ఇంకా పెరగతాది. ఇప్పుడే అడగాల. టికెట్ ఇచ్చే ప్రతి చోటా అనుమతి నంబరు, గడువు తేదీ, ఎంతమందిని ఎక్కించొచ్చు, ఇన్‌స్ట్రక్టర్ల పేర్లు తెలుగులో పెద్ద బోర్డు మీద రాయాల. తనిఖీ ఎప్పుడు చేసినారో జనానికి చూపించాల. కాణిపాకంలో ప్రమాణం చేస్తే జనం నమ్మతారు, అబద్ధం ఆడేవాడికి ఆడ కాళ్ళు వణకతాయి కాబట్టి. సముద్రం ఒడ్డున ఆ వణుకు చట్టం పుట్టించాల.

మా అక్క కొడుకు నా ముందరే నలుగురికీ ఫోన్లు చేసినాడు. రెండున్నర వేలోడు "ఏంది బ్రదర్ ఇన్ని ప్రశ్నలు, వస్తే రా లేకపోతే లేదు" అని పెట్టేసినాడు. ఇంకొకడు సగం వాటికి "అన్నీ ఉండాయి" అన్నాడు. మూడోవాడు ఫోనే తీయలేదు. నాలుగోవాడు మాత్రం ఎదురు ప్రశ్న వేసినాడు: "మీ ఐదుగురిలో ఎవరికైనా ఉబ్బసం ఉందా?" ఒకడికి ఉంది. చిన్నప్పటి నుంచి వాడతా ఉండాడు. "అయితే డాక్టర్ రాసిచ్చిన కాగితం తెస్తేనే దించుతాను, లేదంటే పడవలో కూర్చోవాల. డబ్బు తీసుకోను" అన్నాడు.

ఆ పిల్లోడికి కోపం వచ్చింది. రెండున్నర వేలోడి దగ్గరికే పోదాం, వాడు ఇవన్నీ అడగడు కదా అన్నాడు. ఒక పూట గొడవ జరిగింది. ఆఖరికి నలుగురూ ఒక మాట మీద నిలబడినారు. సోమవారం వాణ్ణి చిత్తూరులో ఊపిరితిత్తుల డాక్టర్ దగ్గరికి తీసుకుపోతా ఉండారు. ఆయన వద్దంటే ఆ పిల్లోడు పడవలోనే కూర్చుంటాడు, వీళ్ళు దిగతారు. సరే అంటే ఐదుగురూ దిగతారు. టికెట్లు ఇంకా కొనలేదు.