డాక్టర్ గారి రీలుకో రూలు కావాలి

విరేచనాలతో నీరసించిన పిల్లాడి కోసం మెడికల్ షాపుకెళ్లి, పేరులో ‘ఓఆర్‌ఎస్’ అని ఉన్న జ్యూస్ ప్యాకెట్ కొనుక్కొచ్చిన తల్లులు లక్షల్లో ఉంటారు. ఆ ప్యాకెట్లలో చాలావాటిలో ఉన్నది ఓఆర్‌ఎస్ కాదు, పండ్ల రుచి కలిపిన చక్కెర నీళ్లు. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం లీటరు ఓఆర్‌ఎస్‌లో గ్లూకోజ్ 13.5 గ్రాములు, ఉప్పు 2.6, ట్రైసోడియం సిట్రేట్ 2.9, పొటాషియం క్లోరైడ్ 1.5 గ్రాములు ఉండాలి. చక్కెర బాగా ఎక్కువైతే ఒంట్లోని నీటిని పేగుల్లోకి లాగేస్తుంది. విరేచనాలు తగ్గకపోగా పెరుగుతాయి.

ఈ సంగతి పిల్లల డాక్టర్లకు కొత్త కాదు. హైదరాబాద్‌కు చెందిన డాక్టర్ శివరంజని సంతోష్ మాత్రం తెలిసి ఊరుకోలేదు. ఏళ్ల తరబడి అధికారులకు లేఖలు రాశారు. 2022లో తెలంగాణ హైకోర్టులో ప్రజా ప్రయోజన వ్యాజ్యం వేశారు. సోషల్ మీడియాలో వీడియోలు పెట్టి తల్లిదండ్రులకు విడమరిచి చెప్పారు. ‘ఇది డబ్ల్యూహెచ్‌ఓ సూచించిన ఓఆర్‌ఎస్ కాదు’ అని ప్యాకెట్ మీద ఒక వాక్యం వేస్తే చాలు, పేరులో ఆ మూడక్షరాలు వాడుకోవచ్చని దేశ ఆహార భద్రత నియంత్రణ సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ 2022 జులైలో కంపెనీలకు వెసులుబాటు ఇచ్చింది. బిడ్డను చంకనేసుకుని వచ్చిన తల్లి పేరు చూస్తుందా, ఆ వాక్యం కోసం వెతుకుతుందా? ఆ వెసులుబాటును అదే సంస్థ 2025 అక్టోబరు 14న వెనక్కి తీసుకుంది.

ఒక డాక్టరు ఫోన్ పట్టుకుని జనంతో నేరుగా మాట్లాడితే ఎంత మేలు జరుగుతుందో ఇంతకంటే రుజువు అక్కర్లేదు.

అదే ఫోన్‌లో వేలు ఇంకాస్త కిందికి జరిపితే వేరే లోకం కనిపిస్తుంది. ఆపరేషన్ థియేటర్‌లో సినిమా పాట మీద రీలు. ‘ముందు–తర్వాత’ ఫొటోలు. మోకాలి చిప్ప మార్పించుకున్న పెద్దావిడతో డిశ్చార్జి రోజున కెమెరా ముందు చెప్పించిన పొగడ్తలు. ఇంటికి పంపే కాగితం మీద ఇంకా సంతకం పెట్టని డాక్టరు ‘రెండు మాటలు చెప్పమ్మా’ అంటే ఆమె కాదనగలదా? మరొకరు అరుదైన కేసంటూ ఎక్స్‌రే పెడతారు, ఫిల్ము మూలన పేరు, వయసు, తేదీ అలాగే ఉంటాయి. పేరు చెరిపేసినా లాభం లేదు. ఏ మండలమో, ఏం జరిగిందో చెబితే చాలు, ఆ మనిషి ఎవరో ఊరంతటికీ తెలిసిపోతుంది.

ఇది చూసి మంచి డాక్టర్లు చాలామంది ‘మనకెందుకొచ్చిన గొడవ’ అని తప్పుకుంటున్నారు. వాళ్లు ఖాళీ చేసిన చోట ఎవరు కూర్చుంటారో 2021 మేలో నెల్లూరు జిల్లా కృష్ణపట్నంలో అందరూ చూశారు. కోవిడ్ రెండో అల మధ్యలో, క్లినికల్ పరీక్షల ముఖం చూడని మందు కోసం వేల మంది ఒకరినొకరు తోసుకుంటూ బారులు తీరారు. అంబులెన్సుల్లో సైతం వచ్చారు. వాళ్లను అక్కడికి నడిపించినవాటిలో ఫోన్లలో తిరిగిన వీడియోలూ ఉన్నాయి. ఒకప్పుడు పత్రికల్లో డాక్టర్ సమరం ప్రశ్నలు–జవాబులు చదివి సందేహాలు తీర్చుకున్న తెలుగువాళ్లకు, ఇప్పుడు ఆ జవాబు ఫోన్‌లోనే దొరకాలి.

మరి రూలు ఏమంటోంది? ఇప్పటికీ అమల్లో ఉన్నది 2002 నాటి భారత వైద్య మండలి నియమావళి. ఫేస్‌బుక్ పుట్టింది 2004లో, వాట్సాప్ 2009లో. ప్రజారోగ్యం గురించి డాక్టరు తన పేరుతో పత్రికలకు రాయవచ్చని, రేడియోలో, టీవీలో, ‘ఇంటర్నెట్ చాట్’లో మాట్లాడవచ్చని, సొంత ప్రచారానికి మాత్రం వాడకూడదని ఆ నియమావళి చెబుతుంది. ఆనాటికి అంతకుమించి ఊహించలేకపోయారు. రోగి ఎవరో పోల్చుకోగలిగేలా ఫొటోలు, కేసు వివరాలు అనుమతి లేకుండా ప్రచురించకూడదని కూడా ఉంది. గుర్తు తెలియకపోతే అనుమతి అక్కర్లేదన్నారు. మెడికల్ జర్నల్‌కు సరిపోయే ఆ మినహాయింపు వాట్సాప్ గ్రూపుకు సరిపోదు. పైగా ఈ నియమాలు డాక్టరుకే గానీ ఆసుపత్రికి వర్తించవు. డాక్టరు సొంతంగా వేసుకోలేని ప్రకటనను, ఆయన ఫొటోతోనే, కార్పొరేట్ ఆసుపత్రి దర్జాగా వేసుకుంటోంది.

భారత వైద్య మండలి స్థానంలో వచ్చిన జాతీయ వైద్య కమిషన్ 2023 ఆగస్టు 2న కొత్త నియమావళి తెచ్చింది. అందులో సోషల్ మీడియాకు విడిగా మార్గదర్శకాలున్నాయి. నిజమని నిరూపించగల సమాచారమే చెప్పాలి. బహిరంగంగా మందులు రాయకూడదు; ఎవరైనా అడిగితే టెలీమెడిసిన్‌కో, ఆసుపత్రికో రమ్మనాలి. రోగుల ఫొటోలు, స్కాన్లు పెట్టకూడదు. లైకులు, ఫాలోవర్లు డబ్బిచ్చి కొనకూడదు. రోగులతో పొగిడించుకోకూడదు. మూడు వారాలైనా గడిచాయో లేదో, ఆగస్టు 23న నియమావళి మొత్తాన్ని పక్కన పెట్టారు. జనరిక్ పేరుతోనే మందులు రాయాలన్న నిబంధన మీద, ఫార్మా కంపెనీల డబ్బుతో జరిగే సదస్సుల మీద రేగిన గొడవ అందుకు కారణం. ఆ తగాదాతో ఏ సంబంధమూ లేని సోషల్ మీడియా భాగం కూడా దాంతోపాటే అటకెక్కింది.

డాక్టర్లకే కాదు, పరిశోధకులకూ జనం ముందు మాట్లాడే వేదిక అవసరమే. 2020 మే 22న ‘లాన్సెట్’ వైద్య పత్రిక, కోవిడ్‌కు వాడుతున్న హైడ్రాక్సీక్లోరోక్విన్ మందు మీద, 96 వేల మంది రోగుల సమాచారమంటూ ఒక వ్యాసం అచ్చేసింది. మూడు రోజుల్లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఆ మందు మీద తన ప్రయోగాన్ని ఆపింది. ఆస్ట్రేలియా మరణాల లెక్క అధికారిక లెక్కతో పొసగడం లేదని, అసలు ఆ సమాచారం ఎక్కడిదని శాస్త్రవేత్తలు బహిరంగంగా నిలదీశారు, బహిరంగ లేఖ రాశారు. జూన్ 4న ఆ వ్యాసాన్ని వెనక్కి తీసుకున్నారు. మామూలుగా ఏళ్లు పట్టే దిద్దుబాటు రెండు వారాల్లో జరిగింది.

రూలు తెస్తే ముక్కుసూటిగా మాట్లాడే డాక్టర్ల నోరు నొక్కడానికే వాడతారన్న భయం ఉంది. అది ఉత్తుత్తి భయం కాదు. కాలేయానికి హాని చేసే మందుల గురించి రాసే కేరళ వైద్యుడు సిరియాక్ ఆబీ ఫిలిప్స్ ఎక్స్ ఖాతా, ఒక కంపెనీ వేసిన దావాలో బెంగళూరు కోర్టు ఇచ్చిన ఉత్తర్వుతో 2023 సెప్టెంబరులో మూతపడింది. హైకోర్టుకు వెళ్తే గానీ మళ్లీ తెరుచుకోలేదు. అందుకే రూలు స్పష్టంగా ఉండాలి. ఏది చేయకూడదో రాసి ఉన్నప్పుడే, ఏది చేయవచ్చో గట్టిగా చెప్పుకోగలరు.

కాబట్టి జరగాల్సినవి ఇవి.

ఒకటి: పక్కన పెట్టిన నియమావళి నుంచి సోషల్ మీడియా భాగాన్ని విడదీసి జాతీయ వైద్య కమిషన్ వెంటనే అమల్లోకి తేవాలి. జనరిక్ చర్చ తేలేదాకా ఆగక్కర్లేదు.

రెండు: ఆరోగ్యం గురించి చెప్పేవాళ్లు తమ అర్హత వెల్లడించాలని కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ 2023 ఆగస్టులోనే చెప్పింది. డాక్టరు పెట్టే ప్రతి వీడియో మీద మెడికల్ కౌన్సిల్ రిజిస్ట్రేషన్ నంబరు కనిపించాలి. కంపెనీ నుంచి డబ్బు తీసుకుంటే ఆ మాటా అక్కడే ఉండాలి.

మూడు: రోగి వీడియోకు రాతపూర్వక అనుమతి, అదీ తెలుగులో, చికిత్స ముగిసి ఇంటికి వెళ్లాకే తీసుకోవాలి. ఎప్పుడు వద్దన్నా తీసేయాలి. ఇదే నిబంధన ఆసుపత్రుల ఖాతాలకూ వర్తించాలి.

నాలుగు: ఎంబీబీఎస్‌లో 2019 నుంచి నైతికత, మాటతీరు మీద ‘ఎట్‌కామ్’ పాఠాలున్నాయి. అందులో సోషల్ మీడియాను చేర్చాలి. వైద్యం తెలుగులో ఎలా విడమరిచి చెప్పాలో అక్కడే నేర్పాలి.

ఐదు: ఆధారాలతో ప్రజల పక్షాన మాట్లాడి కోర్టు నోటీసు అందుకున్న డాక్టరుకు ఆంధ్రప్రదేశ్, తెలంగాణ మెడికల్ కౌన్సిళ్లు అండగా నిలవాలి.

ఇది చదువుతున్నవారు డాక్టరైతే, ఈ ఐదు కోరికలతో కమిషన్‌కు, మీ రాష్ట్ర కౌన్సిల్‌కు ఉత్తరం రాయండి. డాక్టరు కాకపోతే, ఆరోగ్యం వీడియో ఇంకొకరికి పంపే ముందు రిజిస్ట్రేషన్ నంబరు అడగండి. ఆ పేరు జాతీయ వైద్య కమిషన్ వెబ్‌సైట్ రిజిస్టర్‌లో ఉందో లేదో ఎవరైనా చూసుకోవచ్చు. మీ ఫొటో గానీ, మీవాళ్ల స్కాన్ గానీ అడగకుండా ఎవరైనా డాక్టరు పెడితే, స్క్రీన్‌షాట్ తీసి రాష్ట్ర మెడికల్ కౌన్సిల్‌కు ఫిర్యాదు చేయండి.