మొత్తం ఒడ్డేవాడే మొనగాడా?

సంక్రాంతి వచ్చిందంటే మా చౌటుప్పల్‌లో రెండు చూడాలి. ఒకటి, పంతంగి టోల్‌గేటు దగ్గర విజయవాడ వైపు బారులు తీరిన కార్లు. రెండోది, మా ముందు గదిలో చాప పరిచి పేకలు పట్టుకు కూర్చున్న మగమహారాజులు.

మొన్నటి పండక్కి మాత్రం రమ్మీ కాదట, పోకరట! మా మరిది కొడుకు హైదరాబాదులో చదువుతూ నేర్చుకొచ్చాడు. "పైసలు లేవు పెద్దమ్మా, ఉత్త టోర్నమెంటే" అని మనిషికి వంద చింతగింజలు పంచాడు. గింజలైపోతే లేచిపోవాలి. చివరిదాకా మిగిలినవాళ్లకి సకినాల డబ్బా.

మూడో పంపకంలోనే మావాడు వంద గింజలూ ముందుకు తోసేశాడు. దాన్ని 'ఆల్ ఇన్' అంటారట. వాడి చేతిలో ఆసూ, రాజూ. వాళ్ల నాన్న చేతిలో రెండు పదులు. నడుమ పరిచిన అయిదు ముక్కల్లో ఆసూ రాలేదు, రాజూ రాలేదు. పది నిమిషాలన్నా కాకుండానే మావాడు పతంగి పట్టుకుని డాబా ఎక్కాడు.

నేనేమో బాగాలేని ముక్కలు వచ్చినప్పుడల్లా కింద పెట్టేస్తూ వచ్చాను. "వదినె ఆడుతలేదు, గింజలకు కావలి కాస్తున్నది" అని మా మరిది ఎగతాళి. "ఓడినా మావోడే మొగోడు. ఆడితే గట్ల ఆడాలె. ముందుగాల రెట్టింపు చేసుకుంటే ఎనుక దర్జాగ ఆడొచ్చు" అన్నాడు.

ఇదిగో, ఈ మాట దగ్గరే నాకు ఒళ్లు మండింది.

సరే, లెక్కే చూద్దాం. ఆసూ రాజుకీ, రెండు పదులకీ పోటీ అంటే దాదాపు బొమ్మా బొరుసే. పోనీ, నూటికి అరవై పాళ్లు గెలిచే ముక్కలే వచ్చాయనుకోండి. మీ అన్ని గింజలూ ఉన్నవాడితో మూడుసార్లు మొత్తం ఒడ్డితే, మూడుసార్లూ నిలబడేది నూటికి ఇరవై రెండు మంది! మిగతా డెబ్భై ఎనిమిది మందీ డాబా మీద పతంగులు ఎగరేసుకోవలసిందే. పైగా గింజలు రెట్టింపైతే సకినాల డబ్బాలు రెండవుతాయా? కావు. గింజలు పోతే మాత్రం ఆటే పోతుంది. మొదటి గంటలో టోర్నమెంటు గెలిచినవాడు లేడు. ఓడినవాళ్లు మాత్రం కొల్లలు.

అసలు ఎప్పుడూ ఒడ్డకూడదని నేననడం లేదు. రెండు ఆసులు చేతికొస్తే మొదట్లోనైనా వెనకాడక్కర్లేదు. చివర్లో నాలుగు గింజలే మిగిలి, వంతు వచ్చినప్పుడల్లా కట్టేదానికే అవి కరిగిపోతుంటే అప్పుడూ ఒడ్డవలసిందే. కాని కడుపులో చల్ల కదలకుండా వంద గింజలు ముందుంచుకుని, బొమ్మా బొరుసు మీద అన్నీ తోసేయడం ధైర్యం కాదు. తొందర.

కింద పెట్టేయడం పిరికితనమా? రమ్మీలో మొదటే ముక్కలు దింపేస్తే పోయేది ఇరవై పాయింట్లు. ఆడి చిత్తయితే ఎనభై దాకా! 1967లో సికిందరాబాదు క్లబ్బు కేసులో సుప్రీంకోర్టు రమ్మీని ముఖ్యంగా నేర్పుతో కూడిన ఆట అన్నది. ఎందుకనీ? పడిన ముక్కలు గుర్తుంచుకోవాలి, ఏది ఉంచుకోవాలో ఏది వదలాలో తెలియాలి, అందుకని. వదలడం కూడా నేర్పే నన్నమాట!

ఆన్‌లైన్లో డబ్బు పెట్టి ఆడే రమ్మీని తెలంగాణ ప్రభుత్వం 2017లోనే నిషేధించింది. డబ్బుతో ఆడే ఆన్‌లైన్ ఆటలన్నిటి మీదా 2025లో పార్లమెంటు చట్టం చేసింది. బాగానే ఉంది. మరి పేకలు లేకుండా కొంపల్లో ఆడే 'ఆల్ ఇన్' సంగతేమిటి?

భోజనాలయ్యాక మా మరిది అసలు ముచ్చట బయటపెట్టాడు. రీజినల్ రింగు రోడ్డు ఉత్తర భాగం సంగారెడ్డి నుంచి మా చౌటుప్పల్ దాకా అన్నప్పట్నుంచీ ఇక్కడ టీ కొట్టు దగ్గర కూడా గజాల లెక్కలే. ఏదో వెంచరులో ఒకే ఒక్క ప్లాటు. దానికి బ్యాంకులో ఉన్నదంతా, ఆడపిల్ల చదువుకి దాచిందీ, చాలకపోతే మా యారాలి పన్నెండు తులాల బంగారమూ! "ఇప్పుడు పెట్టకపోతే ఇంకెప్పుడు వదినె?" అన్నాడు. యారాలు, అదేనండీ మా తోడికోడలు, వంటింటి గడప దగ్గర గొలుసు వేలికి చుట్టుకుంటూ నిలబడింది. పిలిచి అడిగినవారు లేరు.

"అవి ఎవరి గింజలు?" అన్నాను. అందరూ నా వైపు చూశారు.

ధర్మరాజు తమ్ముళ్లను ఓడి, తననూ ఓడి, ఆ తర్వాత ద్రౌపదిని ఒడ్డాడు. ఆమె అడిగింది ఒక్కటే: ముందు తనను ఓడాడా, నన్ను ఓడాడా? నిండు సభలో భీష్ముడంతటివాడు తేల్చి చెప్పలేకపోయాడు. ఇన్ని యుగాలైనా మన ఇళ్లల్లో ఆ ప్రశ్న అడిగితే 'ఆడవాళ్లకేం తెలుసు' అన్నదే జవాబు. ఓడితే చాప మీద నుంచి లేచి డాబా ఎక్కడానికి సంసారం టోర్నమెంటు కాదు. అక్కడ మరో వంద గింజలు పంచేవాడు ఎవడూ రాడు.

అందుకే అమ్మలారా, ఈసారి మీవారు "ధైర్యం చేద్దాం" అంటే భయపడకండి, ఏడవకండి. మూడు ప్రశ్నలు వేయండి. ఎంత పోతుంది? పోయాక ఎంత మిగులుతుంది? అందులో ఎవరిది ఎంత?

మా మరిది ఆ రాత్రంతా మూతి ముడుచుకున్నాడు. తెల్లారి "బంగారం ముట్టను, పిల్ల పైసలు ముట్టను" అన్నాడు. మిగిలినదాంట్లో ఎంత పెట్టాలో ఇంకా లెక్కలు వేసుకుంటూనే ఉన్నాడు.

అన్నట్టు, సకినాల డబ్బా ఎవరు గెలిచారో చెప్పలేదు కదూ? నేను కాదు. ఆట మొదలైనప్పటి నుంచీ నోరు మెదపకుండా, పది చేతుల్లో ఎనిమిది కింద పెట్టేస్తూ కూర్చున్న మా యారాలు!