మెదడులోనూ ఒక కాటా ఉంది

“పుస్తకం ముందు గంటసేపు కూర్చోబెట్టినా ఏడో ఎక్కం రాదండీ, ఫోను చేతికిస్తే మాత్రం కొత్త ఆట పది నిమిషాల్లో పట్టేస్తాడు.” సింధనూరు క్యాంపుల్లోనైనా, మాన్విలోనైనా, రాయచూరు పత్తి మిల్లుల వెనక వీధుల్లోనైనా ఏ తల్లిని కదిపినా ఈ మాటే వినిపిస్తుంది. పిల్లాడి బద్ధకం అని మనం కొట్టిపారేస్తాం. కానీ ఒక్క సంగతి గమనించండి. ఆటలో వేలు పెట్టిన ప్రతిసారీ ఒప్పో తప్పో అప్పటికప్పుడే తెలిసిపోతుంది. ఎక్కం తప్పు రాశాడన్న సంగతి నోటుబుక్కు దిద్దిన రోజున గానీ తెలియదు. ఆ సరికి తను ఏమనుకుని అలా రాశాడో వాడికే గుర్తుండదు.

మెదడు ఎలా నేర్చుకుంటుందో ఈ నెల చెప్పుకుందాం. మిల్లు మనుషులకి ఇది తేలిగ్గానే అర్థమవుతుంది, ఎందుకంటే మెదడు చేసేది కాటా పనే. ఒక పళ్ళెంలో “ఇంత వస్తుంది” అన్న అంచనా, రెండో పళ్ళెంలో నిజంగా వచ్చింది. రెండూ సమానమైతే ముల్లు కదలదు, కొత్తగా నేర్చుకునేదీ పెద్దగా ఉండదు. తేడా వచ్చిందంటే ముల్లు కదులుతుంది, మెదడు తన అంచనాని దిద్దుకుంటుంది.

ఈ ముల్లు ఎక్కడుందో చూపించినవాడు వోల్ఫ్రామ్ షుల్ట్జ్ అనే శాస్త్రవేత్త. స్విట్జర్లాండులో కోతుల మీద పరిశోధన చేశాడు. మెదడులో డోపమైన్ అనే రసాయనాన్ని వదిలే కణాలుంటాయి. కోతికి అనుకోకుండా ఒక చుక్క పళ్ళరసం అందితే ఆ కణాలు గట్టిగా స్పందించాయి. తర్వాత ముందు దీపం వెలిగించి, ఆనక రసం ఇవ్వడం మొదలుపెట్టారు. కోతికి అలవాటయ్యాక కణాలు దీపానికే స్పందించాయి, రసం అందినా మామూలుగానే ఉండిపోయాయి. దీపం వెలిగి రసం రాకపోతే? సరిగ్గా రసం రావలసిన క్షణానికి వాటి చురుకు మామూలుకన్నా కిందికి పడిపోయింది. పీటర్ దయాన్, రీడ్ మాంటెగ్యూలతో కలిసి షుల్ట్జ్ 1997లో ఈ లెక్కని అచ్చులో పెట్టాడు. 2017లో ఆయనకి, దయాన్‌కి, రే డోలన్‌కి కలిపి బ్రెయిన్ ప్రైజ్ ఇచ్చారు.

మన సంగతీ ఇంచుమించు ఇంతే. ఆయుధపూజకి యజమాని మొదటి ఏడాది అనుకోకుండా వెయ్యి రూపాయలు చేతిలో పెడితే ఇంటిల్లిపాదికీ సంబరం. నాలుగో ఏడాదికి అది రావలసిన డబ్బు అయిపోతుంది. ఐదో ఏడాది ఐదొందలే ఇస్తే, చేతికి డబ్బు వచ్చినా మొహం మాడిపోతుంది. మనసుకి తగిలేది నోటు కాదు, తేడా.

వడ్ల తేమ చూడడం నేను నేర్చుకున్నది ఈ పద్ధతిలోనే. మా మేస్త్రి మీటరు ముందు చూడనిచ్చేవాడు కాదు. “ముందు గింజ కొరికి నువ్వు చెప్పరా అబ్బాయ్, ఆనక మీటరు చెబుతుంది” అనేవాడు. నేను పదిహేను అంటే మీటరు పద్దెనిమిది చూపించేది. ప్రభుత్వ కొనుగోలులో 17 శాతం దాటకూడదన్న నిబంధన ఉంది కదా, ఆ మూడు పాయింట్ల తేడా ఎంత పెద్దదో మీకు చెప్పక్కర్లేదు. మళ్ళీ ఇంకో గింజ, మళ్ళీ మీటరు. కొన్నాళ్ళకి నా పన్నూ మీటరూ దగ్గరకొచ్చాయి. అలా కాకుండా సాయంత్రం గేటు దగ్గర “నీకు పని రాదు” అని తిట్టి పంపితే తేమ సంగతి తెలియదు, మేస్త్రి అంటే భయం మాత్రం పట్టుకుంటుంది.

పిల్లల చదువుకీ ఇదే వాడండి. జవాబు ముందు వాణ్ణే చెప్పమనండి, వెంటనే సరిచూపించండి. “మొద్దు” అనకండి, అందులో దిద్దుకోడానికి ఏమీ లేదు. “గుణకారం బాగా చేశావు, ఇదిగో ఇక్కడ కూడికలో జారావు” అంటే దిద్దుకోడానికి దారి దొరుకుతుంది. మనకి చదువు రాకపోయినా ఫరవాలేదు, వెనకపేజీలో జవాబులుంటాయి, పక్కింటి పెద్దపిల్ల ఉంటుంది. ఇక చేసిన ప్రతిదానికీ చాక్లెట్ ఇస్తూపోతే అది కూడా ఆయుధపూజ బోనస్ లాగే అయిపోతుంది.

ఈ కాటాని దొంగకాటాగా మార్చి బతికేవాళ్ళూ ఉన్నారు. అదే డబ్బాట. షుల్ట్జ్ బృందం 2003లో ఇంకో సంగతి బయటపెట్టింది. రసం వస్తుందో రాదో సగం సగం అనుమానంగా ఉన్నప్పుడు, ఫలితం తేలేదాకా కొన్ని డోపమైన్ కణాల చురుకు పెరుగుతూనే పోయింది. జూదం మీద మోజుకి ఇది ఒక కారణం కావచ్చని వాళ్ళే అన్నారు. 2009లో ఇంగ్లండులో కేంబ్రిడ్జి పరిశోధకులు మనుషుల్ని యంత్రం మీద జూదం ఆడించి చూశారు. కొద్దిలో తప్పిన ఆట, ఓటమే అయినా, గెలుపుకి స్పందించే మెదడు భాగాల్లో కొన్నిటిని కదిలించింది. మళ్ళీ ఆడాలన్న కోరికనీ పెంచింది.

“ఒక్క ముక్క పడుంటే షో కొట్టేవాణ్ణి”, “ఒక్క సిక్సు పడుంటే పందెం నాదే” అనే మాటలు మీరూ వినే ఉంటారు. వడ్ల కాడ దగ్గరకి రావడం అంటే పని పట్టుబడుతోందని అర్థం. అదృష్టం మీద నడిచే ఆటలో దగ్గరకి రావడం అంటే డబ్బు పోయిందని, అంతే. మెదడు మాత్రం రెంటినీ ఒకే కాటాలో వేసి “ఇంకొక్కసారి” అంటుంది. కూలి అడ్వాన్సు కరిగిపోయేది అక్కడే.

కర్ణాటకలో లాటరీలు 2007లో ఆగిపోయాయి. డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటల్ని నిషేధిస్తూ 2025 ఆగస్టులో పార్లమెంటు చట్టం చేసింది. అయినా గుట్టుగా నడిచేవి నడుస్తాయి. మీ ఇంట్లో ఆ అలవాటుంటే కేకలు వేసేముందు ఒక నోటుబుక్కు పెట్టించండి. పెట్టింది ఒక పక్క, వచ్చింది ఒక పక్క, ప్రతి రూపాయీ రాయించండి. తలలో గెలుపులే నిలుస్తాయి, కాగితం మీద రెండూ నిలుస్తాయి. అప్పులు దాచేదాకా పోతే 14416కి ఫోన్ చేయండి. ప్రభుత్వ టెలీ మానస్ సేవ అది, ఖర్చు లేదు, తెలుగులోనూ కన్నడలోనూ మాట్లాడొచ్చు.

ఇంకొక్క మాట. పార్కిన్సన్స్ అనే వణుకుడు జబ్బుకి వాడే మాత్రల్లో కొన్ని డోపమైన్ లాగే పనిచేస్తాయి. అవి వేసుకునే కొందరికి జూదం పిచ్చి కొత్తగా పట్టుకుంటుంది. మీ ఇంట్లో పెద్దాయన ఎన్నడూ లేనిది పందేలకి దిగితే “ముసలితనంలో బుద్ధి చెడింది” అనకండి. మాత్రలు మీ అంతట మీరు ఆపకండి, చీటీ తీసుకుని డాక్టరు దగ్గరకి వెళ్ళండి. మందు మారిస్తే మనిషి మళ్ళీ మామూలు కావచ్చు.